జ్వరం తగ్గిందని మాత్ర ఆపేయొచ్చా? డాక్సీసైక్లిన్ వాడకంపై తిరుపతి స్టూడియోలో చర్చ

(చర్చలో పాల్గొన్నవారు: తిరుపతిలో ప్రాక్టీస్ చేస్తున్న ఒక జనరల్ ఫిజీషియన్, మెడికల్ షాపు నడుపుతున్న ఫార్మసిస్ట్, చిత్తూరు వైపు పల్లెల్లో పనిచేస్తున్న ఏఎన్‌ఎం. మధ్యలో ప్రేక్షకుల ఫోన్లు.)

వ్యాఖ్యాత: నమస్కారం. వానలు వెనకబట్టి చలి మొదలయ్యే ఈ రోజుల్లో మన రెండు జిల్లాల్లోనూ జ్వరం అనగానే డెంగీతో పాటు స్క్రబ్ టైఫస్ పేరు కూడా వినిపిస్తుంది. దానికి వాడే మందు డాక్సీసైక్లిన్. ఖరీదైనది కాదు, ఎక్కడైనా దొరుకుతుంది, వేళకు పడితే ప్రాణం నిలబెడుతుంది. కానీ చీటీ చేతికొచ్చాక దాన్ని ఎలా వేసుకోవాలో విడమరిచి చెప్పేవాళ్ళు తక్కువ. ఈ రోజు ఆ ఒక్క మందు గురించే మాట్లాడదాం. డాక్టర్ గారూ, ముందు జబ్బు సంగతి చెప్పండి.

డాక్టర్: పొదల్లో, గడ్డిలో ఉండే ఒక రకం పురుగు పిల్ల కుట్టడం వల్ల వస్తుంది. అది కంటికి ఆనదు, కుట్టినట్టు కూడా తెలియదు. దాని నుంచి ఓరియెన్షియా సుట్సుగముషి అనే బాక్టీరియా ఒంట్లోకి చేరుతుంది. వారం పది రోజులకు జ్వరం పట్టుకుంటుంది. విపరీతమైన తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, కొందరికి దగ్గు. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దాకా పోతుంది. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. అందరికీ కట్టదు. కట్టినా చంకలో, గజ్జల్లో, నడుము దగ్గర, రొమ్ము కింద, చెవి వెనక ఉంటుంది. నొప్పి ఉండదు కాబట్టి పేషెంటుకే తెలియదు. ఒకరి నుంచి ఒకరికి అంటే జబ్బు మాత్రం కాదు.

ఏఎన్‌ఎం: ఇక్కడ నేనొక మాట చెప్పాలి సార్. మా పల్లెల్లో చాలా ఇళ్ళకు పాడి ఆవులే ఆధారం. పొద్దున్నే గెనిమల మీద గడ్డి కోసుకొచ్చేది ఎక్కువగా ఆడవాళ్ళే. మీరు చెప్పిన చోట్లన్నీ వాళ్ళు డాక్టరుకు చూపించడానికి సిగ్గుపడే చోట్లు. ఇంట్లో తలుపు వేసి, "అక్కా, ఒకసారి చూద్దాం" అంటే అప్పుడు చూపిస్తారు. ఒకామెకు సరిగ్గా లంగా బొందు కట్టే గీత మీద ఉంది పెచ్చు. బొందు ఒరుసుకుందనుకుని కొబ్బరినూనె రాస్తోంది. అప్పటికే అయిదు రోజుల జ్వరం, రెండు సూదులు కూడా అయిపోయాయి.

డాక్టర్: ఏం సూదులు వేసుంటారో ఊహించగలను. ఏ జ్వరానికైనా ముందు ఒక సూది, దాంతో పాటు అమాక్సిసిలిన్ లాంటి మాత్రలు. అవి బాక్టీరియా గోడ మీద పనిచేసే మందులు. ఈ బాక్టీరియా మీద వాటి ప్రభావం ఉండదు. పైగా ఇది మన కణాల లోపల దాక్కుంటుంది. డాక్సీసైక్లిన్ కణం లోపలికి వెళ్ళి, బాక్టీరియా తనకు కావాల్సిన ప్రొటీన్లు తయారుచేసుకోకుండా ఆపుతుంది. అందుకే వేసిన 48 గంటల్లో చాలామందికి జ్వరం దిగుతుంది. దిగలేదంటే జబ్బు ఇదేనా అని మళ్ళీ చూసుకోవాలి.

వ్యాఖ్యాత: ఈ మందుల కుటుంబానికి మన తెలుగువాడితో సంబంధం ఉంది కదా?

డాక్టర్: ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ మందుల సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న రోజుల్లోనే అక్కడ డగ్గర్ అనే శాస్త్రవేత్త ఆరియోమైసిన్ కనిపెట్టారు. 1948 లో అది లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అదే మొదటిది. డాక్సీ ఆ తర్వాతి తరం మందు. ఇన్నేళ్ళయినా స్క్రబ్ టైఫస్‌కు మొదట గుర్తొచ్చేది ఇదే. అలాంటి మందును జలుబుకూ, గొంతునొప్పికీ మింగేస్తున్నారనే నా బాధ. ఫార్మసిస్ట్ గారు ఏమనుకున్నా సరే, చీటీ లేకుండా షాపుల్లో అమ్మడం ఆగాలి.

ఫార్మసిస్ట్: అనుకోవడానికేమీ లేదు సార్, కొన్ని షాపుల్లో అమ్ముతున్నారు. వాళ్ళను నేను వెనకేసుకురాను. డాక్సీ షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా ఇవ్వకూడదు. స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటుంది చూడండి, డాక్టర్ చెప్పందే వాడొద్దని దానర్థం. 2016 లో కేంద్ర ఆరోగ్య శాఖ ఆ గీత గురించి ప్రచారం కూడా చేసింది. కానీ కౌంటర్ ఇవతల నిలబడి చూడండి. పొద్దున ఆరింటికి బస్సు దిగిన మనిషి ఖాళీ స్ట్రిప్ ముక్క చేతికిచ్చి, "పోయినసారి దీంతోనే తగ్గింది, రెండు రోజులకివ్వు అన్నా" అంటాడు. ఇవ్వనంటే పక్క షాపుకు పోతాడు. ఇంకోటి, మీ చీటీలు. 1-0-1, పక్కన 7 అని ఉంటుంది, అంతే. పొద్దున, రాత్రి, ఏడు రోజులు అని మేమే చెప్పాలి. మధ్యలో ఆపొద్దని మేమే చెప్పాలి. వెనక పది మంది నిలబడి ఉంటే అంతా చెప్పడం కుదరదు.

డాక్టర్: అది మా లోపమే. ఓపీలో మనిషికి రెండు నిమిషాలు కూడా దొరకవు. ఇప్పుడు ఇక్కడే చెబుతాను. పెద్దవాళ్ళకు మామూలుగా 100 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు. మీ డాక్టర్ వేరేగా రాస్తే అదే పాటించండి. మూడో రోజుకు జ్వరం పోతుంది, మనిషి లేచి తిరుగుతాడు. చాలామంది పొరపాటుగా మాత్రలు ఆపేసేది అప్పుడే. మధ్యలో ఆపితే జ్వరం తిరగబెట్టొచ్చు. మిగిలిన మాత్రలు డబ్బాలో దాచి, ఆరు నెలల తర్వాత కొడుక్కి జ్వరమొస్తే వేస్తారు. ఆ కొడుక్కి డెంగీ అయితే డాక్సీ పనిచేయదు, అసలు జబ్బు తెలిసేలోగా రెండు రోజులు పోతాయి.

వ్యాఖ్యాత: ఫోన్లో పుత్తూరు నుంచి ఒకరున్నారు. చెప్పండమ్మా.

ఫోన్ 1: నమస్తే సార్. మా నాయనకు ఈ మాత్రే ఇచ్చినారు. రాత్రి మంచం మీద పండుకోనే గుటక్కన మింగినాడు, నీళ్ళు కూడా సరిగ్గా తాగలా. తెల్లారేసరికి ఎదలో ఒకటే మంట. మెతుకు దిగట్లేదు, నీళ్ళు తాగినా నొప్పి అంటాడు. గుండె నొప్పేమోనని టెన్షన్ పడి ఈసీజీ తీయించినాం. అది బాగానే ఉంది.

డాక్టర్: ఈసీజీ తీయించి మంచి పని చేశారమ్మా, ఛాతీలో నొప్పిని ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకూడదు. మీరు చెప్పేదాన్ని బట్టి మాత్ర అన్నవాహికలో అతుక్కుని ఉంటుంది. డాక్సీకి ఆమ్ల గుణం ఉంది. కరిగిన చోట లోపలి పొరను కాల్చి పుండు చేస్తుంది. గొట్టం మాత్రయితే ఇంకా త్వరగా అతుక్కుంటుంది. ఈ రోజే డాక్టరుకు చూపించండి. పుండు మానడానికి మందిస్తారు, అవసరమైతే డాక్సీ బదులు వేరే యాంటీబయాటిక్ రాస్తారు. అంతేగానీ మీ అంతట మీరు ఆపేసి ఊరుకోవద్దు. రక్తం వాంతి అయినా, నీళ్ళు అసలు దిగకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి.

వ్యాఖ్యాత: మిగతావాళ్ళు ఏం చేయాలి?

డాక్టర్: కూర్చుని గానీ నిలబడి గానీ, నిండు గ్లాసు నీళ్ళతో మింగాలి. గుక్కెడు చాలదు. మింగాక కనీసం అరగంట, వీలైతే గంట నడుం వాల్చకూడదు. రాత్రి మాత్ర పడుకునే ముందు కాదు, భోజనమయ్యాక ఏడున్నరకో ఎనిమిదికో వేసేసుకోండి. పరగడుపున వేస్తే చాలామందికి వికారం, వాంతి. వేసుకోవడం మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. కానీ తర్వాతి మాత్ర వేళ దగ్గరపడితే వదిలేయండి, రెండూ కలిపి మింగొద్దు.

ఫార్మసిస్ట్: నీళ్ళతో అంటున్నారు కదా, మన వైపు బలం కోసం పాలతో వేసుకోమంటారు పెద్దవాళ్ళు.

డాక్టర్: పాతకాలపు టెట్రాసైక్లిన్‌ను పాలతో వేసుకుంటే చాలావరకు వృథా అయ్యేది. డాక్సీకి అంత నష్టం లేదు, ఐదో వంతు దాకా తగ్గొచ్చు. అది మాత్రం ఎందుకు పోగొట్టుకోవాలి? పాలు, మజ్జిగ వేరే వేళ తాగండి. అసలు గట్టిగా అడ్డుపడేవి ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు, అల్యూమినియం, మెగ్నీషియం ఉండే గ్యాస్ సిరప్‌లు. అవి మందును పట్టేసుకుని రక్తంలోకి పోనివ్వవు. డాక్సీ వేసుకున్నాక కడుపులో మంటని వెంటనే గ్యాస్ సిరప్ తాగుతారు చూడండి, అది మంచిది కాదు.

ఏఎన్‌ఎం: ఐరన్ మాత్రలు పంచేది మేమే సార్. వాటి సంగతి ఏం చెప్పమంటారు?

డాక్టర్: రెండు మూడు గంటలన్నా ఎడం ఉండాలి. ఐరన్ విషయంలో ఎడం ఇచ్చినా కొంత అడ్డే. అందుకే ఆ వారం ఐరన్ ఆపొచ్చా అని డాక్టరును అడగమనండి. చాలాసార్లు ఆపమనే చెబుతాం.

ఏఎన్‌ఎం: రాగి సంగటి గురించి కూడా అడుగుతారు.

డాక్టర్: సంగటి మానక్కర్లేదమ్మా. రాగిలో కాల్షియం ఎక్కువే కాబట్టి, వీలైతే మాత్ర వేసే పూట ఇడ్లీనో అన్నమో తినమనండి, సంగటి ఇంకో పూటకు పెట్టుకుంటారు. జాగ్రత్త కోసమే ఈ మాట. ఒక పూట సంగటి తిన్నాక వేసుకున్నంత మాత్రాన భయపడాల్సింది లేదు.

వ్యాఖ్యాత: ఎండ సంగతి కూడా చెప్పాలన్నారు.

డాక్టర్: తప్పకుండా. ఈ మందు వాడేటప్పుడు చర్మం ఎండకు తట్టుకోలేదు. మామూలుగా ఏమీ కాని ఎండకే ఎర్రగా కంది, మంట పుడుతుంది, పొక్కులు కూడా రావచ్చు. పొలం పనికి వెళ్ళేవాళ్ళు నిండు చేతుల చొక్కా, తలకు తువ్వాలు తప్పనిసరి. తిరుమలలో తలనీలాలు ఇచ్చేవాళ్ళ సంగతి ప్రత్యేకంగా చెబుతున్నా. జ్వరం తగ్గిందని మొక్కు తీర్చుకోవడానికి కోర్సు మధ్యలోనే కొండకు వెళతారు. ఎప్పుడూ ఎండ తగలని తల అది. గుండుతో మిట్టమధ్యాహ్నం తిరిగితే తలంతా కాలుతుంది. కోర్సు పూర్తయ్యాక కొన్ని రోజులు ఆగి మొక్కు తీర్చుకోండి. ఆగలేకపోతే బట్ట కప్పుకుని నీడపట్టున ఉండండి.

ఏఎన్‌ఎం: ఆడవాళ్ళకు ఇంకో ఇబ్బంది ఉంది. మాత్రలు వాడుతుండగానే తెల్లబట్ట, దురద మొదలవుతాయి. దాన్ని ఎవరికీ చెప్పుకోలేక మాత్రలు ఆపేస్తారు.

డాక్టర్: మంచి మాట గుర్తుచేశారు. యాంటీబయాటిక్ మంచి బాక్టీరియాను కూడా చంపుతుంది, ఆ ఖాళీలో ఫంగస్ పెరుగుతుంది. దానికి తేలికైన చికిత్స ఉంది, ఆశా కార్యకర్తకు చెప్పినా చాలు. అలాగే ఒంటి నిండా దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం వస్తే మాత్రం అలర్జీ. మందు ఆపి వెంటనే ఆసుపత్రికి రావాలి. తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా అంతే. రక్తం పలచబడే వార్ఫరిన్, ఫిట్స్ మందులు, టీబీ మందులు, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడుతుంటే ముందే చెప్పండి.

ఫోన్ 2: సార్, పలమనేరు నుంచి. మా పాపకు ఆరేళ్ళు. స్క్రబ్ టైఫస్ అని డాక్సీ రాసినారు. ఎనిమిదేళ్ళ లోపు వేస్తే పళ్ళు పసుపుపచ్చ అయిపోతాయని ఫోన్లో చదివినా. వేయాలా వద్దా?

డాక్టర్: వేయండి. పళ్ళ భయం పాత టెట్రాసైక్లిన్ నుంచి వచ్చింది. డాక్సీని కొద్ది రోజులు వాడితే అలా జరిగినట్టు కనబడలేదు. స్క్రబ్ టైఫస్‌లో జబ్బు వల్ల వచ్చే ప్రమాదమే పెద్దది. బరువును బట్టి లెక్కకట్టి రాసి ఉంటారు, అదే డోసు. పెద్దవాళ్ళ గొట్టం మాత్ర విప్పి సగం పొడి ఇవ్వడం లాంటివి వద్దు.

ఫార్మసిస్ట్: సార్, మరి జబ్బు ముదిరినవాళ్ళకు కూడా ఇదే మాత్రేనా?

డాక్టర్: ఆయాసం, మగత, బీపీ పడిపోవడం ఉంటే మాత్రలతో ఇంట్లో ఉండకూడదు. మన పక్కనే వెల్లూరు సీఎంసీ ఆధ్వర్యంలో దేశంలోని కొన్ని ఆసుపత్రులు కలిసి చేసిన అధ్యయనం 2023 లో వచ్చింది. తీవ్రమైన స్క్రబ్ టైఫస్‌లో డాక్సీ, అజిత్రోమైసిన్ రెండూ నరం ద్వారా కలిపి ఇస్తే, ఏదో ఒకటి ఇచ్చినదానికంటే మేలు జరిగిందని తేలింది. అది ఆసుపత్రిలో చేసే చికిత్స.

వ్యాఖ్యాత: చివరి ఫోన్, చిత్తూరు దగ్గర పల్లె నుంచి.

ఫోన్ 3: సార్, మా కూతురు కాన్పుకని వచ్చింది, ఆరో నెల. నాలుగు రోజులుగా జొరం. మొన్న నాకు జొరమొస్తే ఇచ్చిన డాక్సీ మాత్రలు నాలుగు మిగిలుండాయి. ఒకటి వేసేదా?

డాక్టర్: వేయొద్దమ్మా. గర్భిణికి, అందులోనూ నాలుగో నెల దాటాక, ఇది మామూలుగా ఇవ్వం. బిడ్డ పళ్ళు, ఎముకల మీద ప్రభావం పడొచ్చని జాగ్రత్త. స్క్రబ్ టైఫసే అయితే అజిత్రోమైసిన్ ఉంది, అది కూడా డాక్టర్ చూసి ఇవ్వాలి. నాలుగు రోజుల జ్వరంతో గర్భిణి ఇంట్లో ఉండకూడదు. డెంగీ, మలేరియా, స్క్రబ్ టైఫస్ అన్నీ పరీక్ష చేయించాలి. బిడ్డ కదలిక తెలుస్తోందా?

ఫోన్ 3: తెలుస్తోందంట సార్. ఆయాసం లేదు.

ఏఎన్‌ఎం: అక్కా, రేపటి దాకా ఆగొద్దు. ఆమె ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల కార్డు), ఇంతకుముందు వేసిన మాత్రల స్ట్రిప్పులు అన్నీ ఒక కవర్లో పెట్టుకోండి. బండి లేకపోతే 108 కి ఫోన్ చేసి గర్భిణి, జ్వరం అని చెప్పండి. చిత్తూరు జిల్లా ఆసుపత్రికి తీసుకుపోతారు. ఒంటి మీద నల్ల పెచ్చు ఉందేమో దారిలో అడిగి చూడండి, ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి. ఆ నాలుగు మాత్రలు ఎవరికీ ఇవ్వొద్దు.

ఫోన్ 3: సరే తల్లీ, ఇప్పుడే బయల్దేరతాం.