ఆవు చేపడం వెనక నరం, నెత్తురు

[దృశ్యం: తెల్లవారుజాము. పశువుల కొట్టం. దూడ కట్టు విప్పుతున్న చేతులు.]

కట్టు విప్పగానే దూడ ఒక్క పరుగున వెళ్ళి పొదుగును కుమ్ముతుంది. నాలుగుసార్లు కుమ్మి చప్పరించేసరికి, అప్పటిదాకా వదులుగా వేలాడిన చనుకట్లు నిండుగా బిగుస్తాయి. ఆవు చేపింది అంటాం. ఇక దూడను పక్కకు లాగి కట్టేసి, చెంబు పట్టుకుని కూర్చోవచ్చు.

పాలు పొదుగులోనే ఉన్నాయి కదా, మరి దూడ కుమ్మేదాకా ఎందుకు దిగలేదు?

[దృశ్యం: పొదుగు నుంచి వెన్నుపాము మీదుగా మెదడు దాకా వెలిగే గీత.]

దూడ నోరు తగలగానే చనుకట్టులోని నరాలు ఆ కబురును వెన్నుపాము మీదుగా మెదడుకు చేరుస్తాయి. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. దానికింద వేలాడేది పీయూష గ్రంథి. (ఎంత చక్కటి పేరో! పీయూషం అంటే అమృతం. ఈనిన ఆవు తొలిపాలకు కూడా సంస్కృతంలో అదే మాట.) హైపోథాలమస్‌లోని నరకణాలు తయారుచేసిన ఆక్సిటోసిన్ అనే హార్మోను పీయూష గ్రంథి వెనక భాగంలో నిల్వ ఉంటుంది. కబురు అందగానే అది నెత్తురులోకి దిగుతుంది.

ఇక్కడ దారి మారింది, గమనించండి. కబురు పైకి వెళ్ళింది నరాల మీద. జవాబు తిరిగొస్తున్నది నెత్తురులో. అందుకే ఆ కాస్త ఆలస్యం. ఆక్సిటోసిన్ పొదుగు చేరి, పాలు నిలిచి ఉండే చిన్నచిన్న పాలతిత్తుల చుట్టూ అల్లుకున్న సన్నని కండరాల్లాంటి కణాలను బిగిస్తుంది. తిత్తి నొక్కుకుపోయి పాలు కిందికి వస్తాయి.

జవాబు నెత్తురులోనే వస్తోందని ఎలా తెలిసింది? 1941లో అమెరికాలో ఈలీ, పీటర్సన్ అనే శాస్త్రవేత్తలు ఒక ఆవు పొదుగులో ఒక సగానికి వెళ్ళే నరాలను తెంచారు. అయినా రెండు సగాలూ చేపాయి. నరం లేని సగానికి ఆ జవాబు నెత్తురు ద్వారా తప్ప మరో దారిలో చేరలేదు.

[దృశ్యం: ఇల్లు. బాలింత ఒడిలో పసిబిడ్డ.]

తల్లిలోనూ ఇదే జరుగుతుంది. పైగా బిడ్డ నోరు తగలక్కర్లేదు, పక్కగదిలో ఏడుపు వినబడితే చాలు, జాకెట్టు తడిసిపోతుంది. చెవిలోంచి వెళ్ళిన కబురు కూడా అదే హైపోథాలమస్‌ను తట్టి లేపుతుంది.

కానీ భయం, నొప్పి, టెన్షన్ ఆక్సిటోసిన్ విడుదలను అడ్డుకుంటాయి. దానికి తోడు, బెదిరినప్పుడు ఒంట్లో విడుదలయ్యే అడ్రినలిన్ అనే హార్మోను రక్తనాళాలను కుదించి, వచ్చే కాస్త ఆక్సిటోసిన్‌నూ పొదుగుకు సరిగ్గా చేరనివ్వదు. కొత్త మనిషిని చూసి బెదిరిన గేదె పాలు దించకపోవడం అందుకే. బాలింత చుట్టూ చేరి "పాలు పడటం లేదా, బిడ్డకు చాలడం లేదా" అని పదేపదే అడిగేవాళ్ళకు నేను చెప్పేదొక్కటే: ఆ ప్రశ్నే పాలను ఆపగలదు. ఆమెను కాసేపు ప్రశాంతంగా వదిలేయండి. బిడ్డ బరువు పెరగడం లేదనిపిస్తే డాక్టరుకు చూపించండి.

పశువులకు ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ గుచ్చి చేపించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది చేయకండి. పాలకోసం పశువు ఆరోగ్యానికి హాని చేసే ఇంజెక్షన్ ఇవ్వడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం.

[దృశ్యం: నెత్తురు బొట్లు ఒళ్ళంతా ప్రవహిస్తుంటాయి. గర్భాశయం దగ్గర వెలుగు.]

ఇంకొక్క సంగతి. పురిటి తర్వాత మొదటి రోజుల్లో బిడ్డకు పాలిస్తుంటే పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది. చాలామంది కంగారుపడతారు. నెత్తురులో కలిసిన ఆక్సిటోసిన్ ఒళ్ళంతా తిరుగుతుంది, కానీ దాన్ని అందుకునే గ్రాహకాలున్న చోటే పనిచేస్తుంది. గర్భాశయంలో అవి బోలెడున్నాయి. అందుకే అక్కడి కండరం కూడా బిగుస్తుంది, రక్తస్రావం తగ్గుతుంది, గర్భాశయం మెల్లగా మామూలు సైజుకు వస్తుంది. పుట్టిన గంటలోపే బిడ్డకు రొమ్ము అందించమని చెప్పడానికి ఇదీ ఒక కారణం.