స్టార్టప్ పెడతానన్న పిల్లలు ప్లేస్‌మెంట్ల నాటికి ఎందుకు వెనక్కి తగ్గుతారు?

వ్యాఖ్యాత: స్టార్టప్ ఎవరు పెడతారంటే క్లాసులో చేతులు బాగానే లేస్తాయి. క్యాంపస్ ప్లేస్‌మెంట్లు మొదలయ్యాక ఆ ఊసే ఉండదు. ఎందుకు మేడమ్?

మేనేజ్‌మెంట్ అధ్యాపకురాలు: చెయ్యెత్తడం కొలత కాదండి. మనస్తత్వవేత్త ఐసెక్ అజ్జెన్ 1991లో చెప్పినదాని ప్రకారం ఉద్దేశం వెనుక మూడుంటాయి. ఆ పని తనకు మంచిదనిపించడం, తనవాళ్లు ఏమంటారన్నది, తన వల్ల అవుతుందన్న ధీమా. మనం రెండోదాన్నే పట్టుకుంటాం, అమ్మానాన్న ఒప్పుకోరని. చాలా అధ్యయనాల్లో అదే బలహీనంగా తేలింది.

ఇంక్యుబేషన్ సెంటర్ (కొత్త కంపెనీలకు ఆసరా ఇచ్చే చోటు) మేనేజర్: మన దగ్గర బలహీనమంటే ఒప్పుకోలేను మేడమ్. ఎడ్యుకేషన్ లోను ఉన్న ఇంట్లో నాన్న నోరు తెరిచి వద్దనక్కర్లేదు.

అధ్యాపకురాలు: నేరుగా చూస్తే బలహీనమే. 2009లో లిన్యాన్, చెన్ అనే పరిశోధకులు స్పెయిన్, తైవాన్ విద్యార్థులను పరిశీలిస్తే, ఇంటివాళ్ల మాట మిగతా రెండింటిలోకి దూరి పనిచేస్తోందని తేలింది. మీ ఈఎంఐ భయం కూడా ధీమానే తింటుంది.

వ్యాఖ్యాత: మరి స్టార్టప్‌ల మీద కోర్సు పెడితే ధీమా పెరుగుతుందిగా?

అధ్యాపకురాలు: ధీమా మాట అటుంచితే, పెట్టాలన్న ఉద్దేశమే తగ్గొచ్చు కూడా. నెదర్లాండ్స్‌లో విద్యార్థులతోనే చిన్న కంపెనీ నడిపించే కోర్సు ఒకటి ఉంది. 2010లో అచ్చయిన అధ్యయనం ప్రకారం కోర్సు అయ్యాక వ్యాపారం పెట్టాలన్న ఉద్దేశం తగ్గింది.

మేనేజర్: అది నష్టమని నేననుకోను. ఆవకాయ ఆన్‌లైన్‌లో అమ్ముతామని వచ్చేవాళ్లు కాయ, నూనె, కారం లెక్క రాస్తారు, మిగతావి వదిలేస్తారు. అరకిలో సీసాకు సరుకు 110 రూపాయలు, సీసా, లేబులు 30, కొరియర్ 70 అనుకుందాం. మొత్తం 210. అమ్మేది 220కి. 20 సీసాలు పంపితే 200 మిగలాలి కదా? దారిలో ఒక్కటి పగిలి, డబ్బు తిరిగిచ్చేస్తే 20 రూపాయలు ఎదురు పెట్టుకోవాలి. ఇందులో వాళ్ల కూలి లేనే లేదు. ఈ లెక్క చూసి ఒకరు మానుకుంటారు, ఇంకొకరు ధర మార్చి మళ్లీ వస్తారు. నాకు కావలసింది ఆ రెండో మనిషి.

వ్యాఖ్యాత: కోర్సు పనిచేసిందో లేదో కాలేజీకి తెలిసేదెలా?

అధ్యాపకురాలు: చివరి రోజు ఫారం పంచితే తెలియదు. స్టార్టప్ పెట్టాలని ఎంత ఉందో 1 నుంచి 7 దాకా గుర్తు పెట్టమని మార్కులేసే మాస్టారే పంచితే అందరూ 7కే టిక్ పెడతారు. అవే ప్రశ్నలు కోర్సుకు ముందూ తర్వాతా అడగాలి. పేర్లకు బదులు కోడ్ రాయించాలి. ఆ కోర్సు తీసుకోనివాళ్లనూ అడగాలి. లేకపోతే ఎలెక్టివ్ ఎంచుకున్నవాళ్ల పాత ఆసక్తిని మన ఘనతగా రాసుకుంటాం.

మేనేజర్: పెట్టేది రెండో ఏడాదిలో పెట్టండి. నాలుగో ఏడాదిలో ఆఫర్ లెటర్‌తో ఏ కోర్సూ పోటీ పడలేదు. కోట్ల ఫండింగ్ తెచ్చినాయన వస్తే చప్పట్లే మిగులుతాయి. స్టార్టప్ పెట్టిన రెండేళ్ల కిందటి సీనియర్‌ని పిలిచి, స్లైడ్లు వద్దు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు తెచ్చుకోమనండి.