యాభై వరసల పట్టికతో మొదలుపెట్టండి

అందరికీ నమస్కారం.

మన దేశపు గణాంక శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ పుట్టినరోజు జూన్ 29. ఆ రోజును 2007 నుంచి జాతీయ గణాంక దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఈ సందర్భంగా నన్ను పిలిచినవాళ్ళు, గణాంకాల లెక్కలకు వాడే ఆర్ (R) అనే కంప్యూటర్ భాష కొత్తగా మొదలుపెట్టే పిల్లలకు పనికొచ్చే మాట చెప్పమన్నారు. మీలో స్టాటిస్టిక్స్ చదివేవాళ్ళున్నారు, కామర్స్, అగ్రికల్చర్ వాళ్ళున్నారు. ప్రోగ్రామింగ్ ముఖం చూడనివాళ్ళే ఎక్కువమంది. అందుకే ఒక్క సంగతే గట్టిగా చెబుతాను. మొదట్లో పెద్ద డేటా జోలికి పోకండి. పైనుంచి కింది దాకా కంటితో చదవగలిగే చిన్న పట్టిక ఒకటి తీసుకోండి. దాంట్లో ఏ వరసలో ఏముందో మీకు నోటికొచ్చేదాకా ఇంకో డేటా తెరవకండి.

ఎందుకంటే రిగ్రెషన్, అంటే ఒక కొలత మారితే ఇంకొకటి ఎంత మారుతుందో చుక్కల మధ్య గీత గీసి లెక్కకట్టడం, ఇప్పుడు ఒక్క లైను పని. ఎవరైనా చేస్తారు. లక్షల వరసలున్న ఫైలు దించుకుని ఆ లైను కొడితే, తప్పో ఒప్పో ఏదో ఒక జవాబు వచ్చేస్తుంది. ఆ జవాబు నమ్మదగిందో కాదో తేల్చుకోవాలంటే డేటా మనకు పరిచయం ఉండాలి. లక్ష వరసలతో పరిచయం మొదటి నెలలో కుదరదు. యాభై వరసలతో కుదురుతుంది.

ఆర్ ఎక్కణ్ణుంచి వచ్చిందో రెండు మాటలు. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో జాన్ ఛాంబర్స్, ఆయన సహచరులు 1976 ప్రాంతంలో ఎస్ అనే భాష తయారుచేశారు. దాని బాటలోనే న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ యూనివర్సిటీలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ ఆర్ మొదలుపెట్టారు. 1995లో దాన్ని ఉచిత లైసెన్సు కింద విడుదల చేశారు. 2000 ఫిబ్రవరి 29న 1.0.0 వెర్షన్ వచ్చింది. పెద్ద కంపెనీల్లో వాడే ఆర్, మన డిగ్రీ కాలేజీ ల్యాబులో పాత కంప్యూటర్ మీద నడిచే ఆర్ ఒకటే. పైసా కట్టక్కర్లేదు. చదువుకునేవాడి దృష్టిలో ఇది చిన్న విషయం కాదు.

ఇక అసలు పనిలోకి దిగుదాం. ఆర్ ఇన్‌స్టాల్ చేస్తే దాంతోపాటే కొన్ని పట్టికలు వస్తాయి. అందులో ఒకటి కార్స్ (cars). 1920ల నాటి కార్ల కొలతలు. రెండే నిలువు వరసలు: కారు వేగం గంటకు ఎన్ని మైళ్ళు, బ్రేకు వేశాక ఆగడానికి ఎన్ని అడుగులు పట్టింది. మొత్తం యాభై వరసలు. కార్స్ అని టైపు చేసి ఎంటర్ కొట్టండి, అంతా కనిపిస్తుంది. దయచేసి చదవండి. మొదటి రెండు వరసల్లోనూ వేగం 4 మైళ్ళే, కానీ ఒకటి 2 అడుగుల్లో ఆగింది, ఇంకొకటి 10 అడుగుల్లో. కింద 24 మైళ్ళ వేగం దగ్గర ఒకటి 70 అడుగుల్లో ఆగితే మరొకటి 120 అడుగులు పోయింది. ఒకే వేగానికి ఇంత తేడా ఉందని కంటితో చూశారు కదా, ఇప్పుడు ప్లాట్ గీయండి. చుక్కలు పైకి పోతున్నాయి, పోయేకొద్దీ విడిపోతున్నాయి.

ఇప్పుడు రిగ్రెషన్ చేసే ఎల్ఎం (lm) ఫంక్షన్. టిల్డా (~) గుర్తుకు ఎడమవైపు దూరం, కుడివైపు వేగం రాసి, డేటా పేరు కార్స్ అని చెప్పండి. ఫలితాన్ని ఒక పేరు కింద దాచుకుని సమ్మరీ అడగండి. స్క్రీన్ నిండా అంకెలొస్తాయి. కొత్తవాళ్ళ చూపు నేరుగా నక్షత్రాల మీదికి పోతుంది, సంబంధం ఏదో కాకతాళీయం కాకపోవచ్చని చెప్పే గుర్తులవి. మూడు నక్షత్రాలు కనబడితే పని అయిపోయిందనుకుంటారు. అక్కడ ఆగకండి, నాతోపాటు నిదానంగా చదవండి.

వేగం ఎదురుగా 3.93 ఉంది. వేగం ఒక మైలు పెరిగితే, ఆగడానికి సగటున దాదాపు 4 అడుగులు ఎక్కువ పడుతుందని అర్థం. బాగానే ఉంది. ఇంటర్‌సెప్ట్ చూడండి: మైనస్ 17.58. అంటే వేగం సున్నా అయినప్పుడు కారు మైనస్ పదిహేడున్నర అడుగుల్లో ఆగుతుందట. సున్నా వేగం డేటాలో లేదు కాబట్టి దాన్ని పట్టించుకోనక్కర్లేదంటారా? సరే. డేటాలో ఉన్న 4 మైళ్ళ వేగమే పెట్టి లెక్క కట్టండి. 3.93ని నాలుగుతో హెచ్చవేసి 17.58 తీసేస్తే మైనస్ 1.86 వస్తుంది. బ్రేకు వేసిన కారు వెనక్కి పోతుందా? దూరాల్లోని తేడాల్లో ఎంత వంతు గీత వివరించిందో చెప్పే ఆర్ స్క్వేర్ 0.65 ఉంది, మూడు నక్షత్రాలున్నాయి, అయినా మన గీత ఇలాంటి మాట చెబుతోంది. దీనికి ఎర్రర్ రాదు, హెచ్చరిక కూడా రాదు. మొదటి రెండు వరసలు చదివినవాళ్ళకే ఇది తడుతుంది.

తర్వాత రెసిడ్యువల్స్ ప్లాట్ గీయండి, అంటే అసలు దూరానికీ మన గీత చెప్పిన దూరానికీ ఉన్న తేడాల గ్రాఫ్. ఆ గ్రాఫ్ మీద ఆర్ మూడు చుక్కలకు నంబర్లు వేసి చూపిస్తుంది: 23, 35, 49. నలభై తొమ్మిదో వరస ఇందాక చూసిన 120 అడుగుల కారే. మన గీత ప్రకారం అది 77 అడుగుల దగ్గర ఆగాలి. 43 అడుగులు ముందుకు పోయింది. ఆ చుక్క ఏ కారుదో మీకు తెలుసు కనక అది మీకు ఉట్టి చుక్కలా కనిపించదు. ఈ పరిచయం గురించే నేను మొత్తుకునేది.

ఇంటర్ ఫిజిక్సు గుర్తు తెచ్చుకోండి. డ్రైవరు తేరుకుని బ్రేకు నొక్కేలోపు కారు పోయే దూరం వేగంతో సమానంగా పెరుగుతుంది. బ్రేకు పడ్డాక పోయే దూరం వేగం వర్గంతో పెరుగుతుంది. కాబట్టి మోడల్‌లో వేగం వర్గం కూడా చేర్చి చూడండి. ఇక్కడ కొత్తవాళ్ళు కంగారు పడతారు. అంతకుముందు వేగం పక్కనున్న మూడు నక్షత్రాలూ మాయమవుతాయి. వర్గం పక్కన కూడా ఒక్క నక్షత్రం ఉండదు, నక్షత్రాలను నిర్ణయించే పీ విలువ దానికి 0.136. అయితే దూరానికీ వేగానికీ సంబంధమే లేదా? కింద ఎఫ్ పరీక్ష చూడండి, మోడల్ మొత్తంగా బలంగానే ఉంది. జరిగింది ఇది: వేగం, వేగం వర్గం రెండూ కలిసే పెరుగుతాయి, ఏది ఎంత పని చేసిందో విడదీసి చెప్పడానికి యాభై వరసలు చాలలేదు. ఒక్కో వరస పక్కన నక్షత్రం లేదని ఆ అంశాన్ని ఊరికే తీసిపారెయ్యకూడదని ఇంత చిన్న పట్టికే మనకు నేర్పుతోంది.

ఇంకో అడుగు వేద్దాం. కదలని కారు ఆగడానికి దూరమే అక్కర్లేదు కాబట్టి ఇంటర్‌సెప్ట్ తీసేద్దాం. ఫార్ములా చివర మైనస్ ఒకటి అని రాస్తే చాలు. ఇప్పుడు వేగానికి 1.24, వర్గానికి 0.09 వస్తాయి, రెంటికీ నక్షత్రాలు తిరిగొస్తాయి, మైనస్ దూరాల గొడవ ఉండదు. మోడల్ ఫిజిక్సుతో కలిసింది. అందుకు సంతోషించండి. కానీ ఆర్ స్క్వేర్ చూసి మాత్రం కాదు. అది 0.67 నుంచి ఒక్కసారిగా 0.91కి ఎగబాకుతుంది. ఇంటర్‌సెప్ట్ ఉన్నప్పుడు ఆర్ స్క్వేర్‌ను సగటు నుంచి కొలుస్తారు, లేనప్పుడు సున్నా నుంచి కొలుస్తారు. ఆ రెంటినీ పోల్చడమంటే ఒకరిని నేల మీద, ఇంకొకరిని స్టూలు మీద నిలబెట్టి ఎవరు పొడుగని అడగడమే. నిజానికి రెండు మోడళ్ళలోనూ మిగిలిన తప్పు దాదాపు ఒకటే. ఆర్ స్క్వేర్ ఎక్కువుందని మోడల్ ఎంచుకునే అలవాటు ప్రాజెక్టు రిపోర్టుల్లో చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. కష్టపడి పనిచేసిన పిల్లలు ఆ ఒక్క అంకెను నమ్మి దెబ్బతింటున్నారు.

ఇదంతా రెండు నిలువు వరసల పట్టికలోనే చూశాం. దీని తర్వాత ఎయిర్ క్వాలిటీ అనే పట్టిక తీసుకోండి. 1973 మే నుంచి సెప్టెంబరు దాకా న్యూయార్క్ గాలి కొలతలు, 153 రోజులవి. ఓజోన్ సగటు అడిగితే ఆర్ ఎన్ఏ అంటుంది. 37 రోజుల కొలతలు అందులో లేవు మరి. వాటిని తప్పించి లెక్కకట్టమని మీరే చెప్పాలి, అప్పుడు 42 చిల్లర వస్తుంది. సగటు దగ్గర ఇంత పట్టుపట్టే ఆర్, రిగ్రెషన్ దగ్గరికొచ్చేసరికి ఖాళీలున్న వరసల్ని తానే వదిలేస్తుంది. ఓజోన్‌ను ఎండ, గాలి, ఉష్ణోగ్రతలతో కలిపి రిగ్రెషన్ చేస్తే, 42 రోజులు తీసేశానని సమ్మరీలో అడుగున ఒక్క లైను ఉంటుంది. అది చదవనివాళ్ళు 153 రోజుల మీద చేశామని రాసేస్తారు. చేసింది 111 రోజుల మీదే. మన దగ్గర సర్వే డేటాలో ఖాళీలు ఊరికే రావు. ఆదాయం చెప్పని ఇల్లు, కొలత తీయని రోజు, వీటన్నిటి వెనకా ఏదో కారణం ఉంటుంది. వదిలేసే ముందు ఆ వరసలు పైకి తీసి చూడండి.

ఆర్‌కు అదనంగా జోడించుకునే ప్యాకేజీలు వేలకొద్దీ ఉన్నాయి, అవసరమొచ్చినప్పుడు నేర్చుకోవచ్చు. ఎర్రర్ మెసేజ్ వస్తే భయపడకుండా పూర్తిగా చదవండి, సగం సార్లు కామానో బ్రాకెట్టో తక్కువై ఉంటుంది. చేసిన ప్రతి పనీ స్క్రిప్టు ఫైల్లో ఉండాలి. దీంట్లో మాత్రం రాజీ లేదు.

గణాంక శాస్త్రవేత్త మన సి.ఆర్. రావు గారిని తలుచుకోకుండా ఈ రోజు మాట్లాడటం కుదరదు. 1920లో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆంధ్ర యూనివర్సిటీలో గణితం చదివి, 1941లో కలకత్తాలో మహలనోబిస్ గారి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో దానికి పరిమితి చెప్పే, ఈనాటికీ ప్రపంచమంతా చదివే క్రామర్–రావు హద్దు ఆయన 1945లో ప్రచురించిన వ్యాసంలోనిది. ఆ మరుసటి ఏడు కేంబ్రిడ్జి వెళ్ళి అక్కడ చేసిన పని, సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో బయటపడ్డ అస్థిపంజరాల కొలతల్ని విశ్లేషించడం. అంత సిద్ధాంతం తెలిసిన మనిషి ఎముకల కొలతల దగ్గర కూర్చున్నారు. మీరు కార్ల కొలతల దగ్గర కూర్చోవడం చిన్నతనమేమీ కాదు.

వచ్చే వారం ల్యాబుకు వచ్చేలోపు ఒక పని చేసుకురండి. ఎంటీకార్స్ అనే పట్టికలో 32 కార్లున్నాయి, 1974 నాటి ఒక అమెరికన్ పత్రిక నుంచి తీసుకున్నవి. మైలేజీని సిలిండర్ల సంఖ్యతో రిగ్రెషన్ చెయ్యండి. ఒకసారి సిలిండర్లను మామూలు అంకెగా పెట్టండి, ఇంకోసారి ఫ్యాక్టర్‌గా, అంటే గుంపుల పేర్లుగా, మార్చి పెట్టండి. మొదటిదాంట్లో ఒక సిలిండరుకు ఇంత చొప్పున తగ్గుతుందని ఒకే అంకె వస్తుంది. రెండోదాంట్లో నాలుగు నుంచి ఆరుకు ఎంత తగ్గింది, నాలుగు నుంచి ఎనిమిదికి ఎంత తగ్గింది అని విడివిడిగా వస్తాయి. ఆ రెండో ఫలితాన్ని మూడు గుంపుల సగటులు చేత్తో కట్టి సరిచూడండి. తర్వాత జిల్లా కోడ్లు గానీ పంట కోడ్లు గానీ ఉన్న పట్టిక ఏదైనా సరే తెచ్చి, ఆ కోడ్లను అంకెలుగా వదిలేస్తే ఏం జరుగుతుందో నాకు చూపించండి. ప్రశ్నలుంటే ఇప్పుడే అడగండి, మైకు వెనక వరసలకు కూడా ఇస్తారు.