రోటావ్యాప్‌కి పెద్ద పంపు కొనే ముందు కాయిల్ చూడండి: సాల్వెంట్ రికవరీ సెటప్ రివ్యూ

అందరికీ నమస్కారం. రోటావ్యాప్ అంటే ఫ్లాస్క్‌ని తిప్పుతూ, వాక్యూమ్‌లో వేడి చేసి సాల్వెంట్‌ని (పదార్థాన్ని కరిగించే ద్రవాన్ని) ఆవిరి చేసే యంత్రం. ఈ మధ్య నాకు ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఒకటే. "అన్నా, రోటాకి ఏ పంపు తీసుకోమంటావ్?" జీడిమెట్లలో చిన్న యూనిట్ నడిపేవాళ్లు అడుగుతున్నారు, వైజాగ్‌లో ఎం.ఫార్మసీ ప్రాజెక్టు చేసే పిల్లలు అడుగుతున్నారు. కూలింగ్‌కి ఏం పెట్టాలని మాత్రం ఎవరూ అడగడం లేదు. ఈ వీడియోలో పంపులూ చూపిస్తాను, చిల్లరూ (నీళ్లని చల్లబరిచి తిప్పే యంత్రం) చూపిస్తాను. ఒక మాట మాత్రం ముందే చెప్పేస్తున్నా. సాల్వెంట్‌ని వెనక్కి తెచ్చేది పంపు కాదు, కాయిల్, అంటే లోపల చల్లని నీళ్లు తిరుగుతూ ఆవిరిని మళ్లీ ద్రవం చేసే గాజు చుట్ట.

ఇది నా సెటప్. 2 లీటర్ల ఫ్లాస్క్ ఉన్న రోటావ్యాప్. ఆర్మూర్ వైపు నుంచి తెచ్చిన పసుపుని ఎథనాల్‌లో నానబెట్టి, వడగట్టి, ఆ ద్రావణాన్ని ఇందులో చిక్కబరుస్తాను. ఫ్లాస్క్‌లో సగానికి మించి పోయను, పోస్తే బంప్ అయి (ఒక్కసారిగా ఎగిసి మరిగి) పసుపంతా కాయిల్‌లోకి ఎక్కుతుంది. ఇటు అడుగున ఉంది చూడండి, రిసీవర్ ఫ్లాస్క్. ఆవిరైన ఎథనాల్ అంతా ఇక్కడికే రావాలి. వచ్చినదాన్ని మళ్లీ పసుపు మీద పోయాలి. బయటికి పోకుండా అదే సాల్వెంట్ తిరుగుతూ ఉండాలి, క్లోజ్డ్ లూప్ అంటే అదే.

రెండేళ్ల క్రితం మే నెలలో నాకిది బాగా ఎదురుదెబ్బ కొట్టింది. అప్పుడు నా దగ్గర చిల్లర్ లేదు. కాయిల్‌కి మేడ మీది ట్యాంకు నీళ్లు పెట్టాను. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో ఆ నీళ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు, స్నానానికి వేడి చేయక్కర్లేదు. పంపు ఫుల్‌గా ఆన్ చేసి భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి గదంతా స్పిరిట్ వాసన. ఫ్లాస్క్ ఖాళీ, రిసీవర్‌లో పోసినదాంట్లో సగం కూడా లేదు. మిగతాదంతా పంపు లోంచి గదిలోకి వచ్చేసింది. ఎక్కడో చిన్న నిప్పురవ్వ పుట్టి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. ఎథనాల్ ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు తగిలితే దాని ఆవిరి అంటుకునే కనీస వేడి, 17 డిగ్రీల లోపే. మన ఊళ్లో దాదాపు ఏ రోజైనా అది అంటుకునే స్థితిలోనే ఉంటుంది.

ఆ రోజు తప్పు ఎక్కడ జరిగిందో చూద్దాం. అది అర్థమైతే సగం సెటప్ అర్థమైనట్టే.

ఎథనాల్ మామూలు గాలి పీడనంలో (సుమారు 1013 మిల్లీబార్లు) 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది. 175 మిల్లీబార్లకి దించితే 40 డిగ్రీలకే మరుగుతుంది. అందుకే రోటా వాడేవాళ్లు 60, 40, 20 అని ఒక లెక్క పెట్టుకుంటారు. బాత్ (ఫ్లాస్క్ మునిగే వేడినీళ్ల తొట్టి) 60 డిగ్రీలు, ఆవిరి 40, కాయిల్‌లో నీళ్లు 20 లేదా అంతకన్నా చల్లగా. బాత్‌కీ ఆవిరికీ మధ్య 20 డిగ్రీల తేడా ఉంటే వేడి ఫ్లాస్క్‌లోకి వెళ్తుంది. ఆవిరికీ కాయిల్‌కీ మధ్య 20 తేడా ఉంటే అదే వేడి బయటికి వెళ్తుంది. నేను ట్యాంకు నీళ్లతో ఆ రెండో తేడాని చంపేశాను.

పైగా పంపుని అదుపు లేకుండా వదిలేశాను. నా పంపు 8 మిల్లీబార్ల దాకా వెళ్లగలదు. 0 డిగ్రీల దగ్గర కూడా ఎథనాల్ ఆవిరి పీడనం సుమారు 16 మిల్లీబార్లు. అంటే సిస్టమ్‌ని 8కి లాగేస్తే కాయిల్‌లో ఐస్ నీళ్లు తిరుగుతున్నా ఎథనాల్ అక్కడ నిలవదు. ఆల్రెడీ రిసీవర్‌లో పడింది కూడా మళ్లీ మరిగి పంపులోకి పోతుంది. రిసీవర్‌లో బుడగలు కనిపిస్తే వాక్యూమ్ ఎక్కువైందని గుర్తు. "వాక్యూమ్ ఎంత ఎక్కువైతే అంత మంచిది" అనే మాట ఎక్కడ విన్నా దయచేసి నమ్మకండి.

ఇక పంపులు. నేను మూడు రకాలు వాడాను.

మొదటిది వాటర్ జెట్, వేగంగా పారే నీళ్లతో గాలిని లాగేది. కాలేజీ ల్యాబుల్లో ఇప్పటికీ ఉంటుంది. అది ఎంత లోతుకి లాగగలదనేది అందులోని నీళ్ల వేడి మీదే ఆధారపడుతుంది. 35 డిగ్రీల నీళ్లతో 56 మిల్లీబార్ల కిందికి దిగదు. ఎథనాల్‌కి నిజానికి అది చాలు. కానీ తప్పించుకున్న సాల్వెంట్ అంతా డ్రైనేజీలోకే పోతుంది, గంటకి వందల లీటర్ల నీళ్లూ పోతాయి. నేను మానేశాను.

రెండోది ఆయిల్ పంపు. ఏసీ మెకానిక్‌లు వాడే రకం. సెకండ్‌హ్యాండ్‌లో తక్కువకి వస్తుందని నేనూ తీసుకున్నాను. సాల్వెంట్ ఆవిరి వెళ్లి ఆ ఆయిల్‌లో కలిసిపోతుంది. కొన్ని రోజులకే ఆయిల్ పలచబడి రంగు మారింది, లాగడం తగ్గింది. అంతకన్నా పెద్ద సమస్య దాని మోటారు, స్విచ్. మండే ఆవిరి కోసం చేసినవి కావవి. ఈ పనికి దాన్ని కొనొద్దు, ఎవరైనా ఊరికే ఇచ్చినా వద్దు.

మూడోది ఇదిగో, టెఫ్లాన్ డయాఫ్రమ్ పంపు. డయాఫ్రమ్ అనే పలచని పొర కదులుతూ గాలిని లాగుతుంది, ఆయిల్ ఉండదు. రెండు స్టేజీలది, నిమిషానికి 20 లీటర్లు. 2 లీటర్ల రోటాకి ఇది ధారాళంగా సరిపోతుంది. ఎందుకంటే మొదటి ఒకటి రెండు నిమిషాల్లో గాలంతా లాగేశాక పంపుకి మిగిలే పని లీకుల ద్వారా వచ్చే గాలిని తీయడమే. ఆవిరి సంగతి కాయిల్ చూసుకోవాలి. ఆవిరిని కూడా పంపే మోస్తోందంటే కూలింగ్ సరిపోవడం లేదన్నమాట. ఆ లోటు పెద్ద పంపుతో తీరదు, సాల్వెంట్ ఇంకా వేగంగా బయటికి పోతుంది. కొనేటప్పుడు ఒకటి అడగండి: సాల్వెంట్ తగిలే భాగాలన్నీ, వాల్వులతో సహా, కెమికల్ తట్టుకునేవేనా? డయాఫ్రమ్ మామూలు రబ్బరుదైతే ఇథైల్ అసిటేట్‌కే ఉబ్బిపోతుంది.

గేజ్ గురించి ఒక్క నిమిషం. చాలామంది గుండ్రటి డయల్ గేజ్ పెట్టి "700 దాటడం లేదు, పంపు పోయింది" అంటారు. ఆ గేజ్ బయటి గాలితో పోల్చి చూపిస్తుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకి పైన ఉంది, ఇక్కడ గాలి పీడనమే సుమారు 710 మిల్లీమీటర్లు (పాదరసం లెక్కలో). కాకినాడలో 760 దగ్గరికి వెళ్లే ముల్లు ఇక్కడ వెళ్లదు. పంపు బాగానే ఉంది. అబ్సల్యూట్ పీడనం చూపించే డిజిటల్ గేజ్, దానితోపాటు అనుకున్న అంకె దగ్గర ఆపే కంట్రోలర్ తీసుకోండి. కంట్రోలర్‌కి డబ్బు లేకపోతే లైనులో ఒక సూది వాల్వు పెట్టి కొంచెం గాలి వదలండి. నేను ఏడాది పాటు అలాగే నడిపాను.

ఇప్పుడు కాయిల్ దగ్గరికి వద్దాం. ఒక లీటరు ఎథనాల్ ఆవిరిని తిరిగి ద్రవం చేయాలంటే దాదాపు 700 కిలోజౌళ్ల వేడి తీసేయాలి. గంటకి ఒక లీటరు రికవరీ కావాలంటే కాయిల్ నుంచి సుమారు 200 వాట్లు లాగాలి. 3 లీటర్లకి 600 వాట్లు. హెక్సేన్‌కి ఇందులో మూడో వంతు చాలు. నీళ్లకి మాత్రం ఎథనాల్ కన్నా మూడు రెట్లు కావాలి. అందుకే ఆల్కహాల్ అయిపోయి అడుగున నీళ్లు మిగిలినప్పుడు పని ఒక్కసారిగా నెమ్మదిస్తుంది. ఆ దశకి వెళ్లే ముందు రిసీవర్ ఖాళీ చేయండి. లేకపోతే వాక్యూమ్ పెంచగానే పట్టుకున్న ఎథనాల్ అంతా లేచిపోతుంది.

చిల్లర్ అమ్మేవాళ్లు "1 కిలోవాట్" అని చెప్తారు. ఎన్ని డిగ్రీల దగ్గర అని అడగండి. ఆ అంకె సాధారణంగా 20 డిగ్రీల దగ్గరిది, చల్లదనం పెంచే కొద్దీ అది బాగా పడిపోతుంది. నాకు 10 డిగ్రీల దగ్గర ఎన్ని వాట్లు అన్నదే కావాలి. ఇంకోటి, చిల్లర్ అంటే ఫ్రిజ్ లాంటిదే. కాయిల్ నుంచి తీసిన వేడిని గదిలోకే ఊదుతుంది. మూల పెట్టి గోడకి ఆనిస్తే వేసవిలో ట్రిప్ అవుతుంది. నాది మొదటి వేసవిలో రెండుసార్లు ఆగిపోయింది. గోడ నుంచి జరిపి, వెనక కిటికీ తెరిచాక మళ్లీ ఆగలేదు.

చిల్లర్ కొనలేకపోతే? పెద్ద బకెట్, ఐస్, కూలర్‌లో వాడే చిన్న మోటారు. దీన్ని నేను చిన్నచూపు చూడను. కిలో ఐస్ కరిగితే 334 కిలోజౌళ్లు పట్టుకుంటుంది, కాబట్టి లీటరు ఎథనాల్‌కి 2 కిలోల పైచిలుకు ఐస్ కావాలి. వారానికి రెండు రోజుల పనికి ఇది బాగానే నడుస్తుంది. బకెట్, దాని ప్లగ్ రెండూ రిసీవర్‌కి దూరంగా ఉంచండి.

ఐస్ కూడా దొరకని రోజు ఇంకో దారి ఉంది. వాక్యూమ్ తగ్గించండి, అంటే లోపలి పీడనం పెంచండి. 300 మిల్లీబార్ల దగ్గర ఎథనాల్ 50 డిగ్రీలకి మరుగుతుంది. బాత్ 70, కాయిల్‌లో 30 డిగ్రీల నీళ్లు, అదే లెక్క మళ్లీ కుదురుతుంది. పసుపు ఆ వేడికి తట్టుకుంటుంది. మీ పదార్థం తట్టుకుంటుందో లేదో మీరే చూసుకోవాలి.

గొట్టాలు బిగించేటప్పుడు నీళ్లు కాయిల్‌లోకి కింద నుంచి వెళ్లి పైనుంచి రావాలి, అప్పుడే లోపల గాలి నిలవదు. ప్రతి చోటా క్లిప్ వేయండి. వైజాగ్, కాకినాడ వాళ్లకి ప్రత్యేకంగా చెప్తున్నా. మీ గాలిలో తేమకి 10 డిగ్రీల గొట్టం మీద నీళ్లు కారుతూనే ఉంటాయి, అవి ప్లగ్ బోర్డు మీద పడతాయి. ఏసీ పైపులకి తొడిగే నల్ల ఫోమ్ తొడగండి.

నడుస్తున్నప్పుడు గేజ్ కన్నా కాయిల్‌నే ఎక్కువ చూడండి. ఈ తడి ఎక్కడిదాకా ఉందో కనిపిస్తోందా? కాయిల్ ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర ఆగింది. పైభాగం పొడిగా ఉంది. ఇది సరైన స్థితి. తడి పైదాకా ఎక్కితే బాత్ వేడి తగ్గించాలి, లేదా పీడనం కాస్త పెంచాలి.

పంపు వెనక ఈ చిన్న గాజు కండెన్సర్ చూడండి. చాలామంది దీన్ని అనవసరం అనుకుని వదిలేస్తారు. కాయిల్ దాటిపోయిన ఆవిరి పంపు లోంచి బయటికొచ్చేసరికి మళ్లీ మామూలు గాలి పీడనంలో ఉంటుంది, కాబట్టి ఇక్కడ సులభంగా చల్లబడి దొరికిపోతుంది. చిల్లర్ నుంచి వచ్చే గొట్టాన్నే దీనికీ తిప్పాను. దీని చివరి గొట్టం ఫ్యూమ్ హుడ్‌లోకి (ఆవిరిని బయటికి లాగేసే గూటిలోకి) వెళ్తుంది, గదిలోకి కాదు.

బ్యూటేన్, ఎల్‌పీజీ లాంటి గ్యాసులతో ఇలాంటివి చేయొచ్చా అని కొందరు రాస్తున్నారు. చేయకండి. అవి ఒత్తిడి మీద నడిచే వేరే రకం ప్లాంట్లు, సర్టిఫై చేసిన పరికరాలతో శిక్షణ ఉన్నవాళ్లు నడిపేవి. ఈథర్, టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే సాల్వెంట్) వాడేవాళ్లు పెరాక్సైడ్ (నిల్వలో పుట్టే, పేలగల పదార్థం) పరీక్ష చేయకుండా రోటా మీద పెట్టకండి, ఎప్పుడూ పూర్తిగా ఎండేదాకా లాగకండి. ఫ్లాస్క్ మీద నక్షత్రంలా చిన్న పగులు కనిపించినా పక్కన పెట్టేయండి.

ఆపేటప్పుడు ముందు ఫ్లాస్క్‌ని బాత్ నుంచి పైకి లేపండి. తర్వాత గాలి వదలండి, ఆ తర్వాతే తిప్పడం ఆపండి. పంపుని వెంటనే ఆపకుండా 10 నిమిషాలు ఉత్త గాలి లాగనివ్వండి, లోపల తడి ఆరిపోతుంది. చిల్లర్‌ని అన్నిటికన్నా చివర్లో ఆపండి, రిసీవర్ తీసి మూత పెట్టాకే.