ఏ కణం వల్ల ఈ ఆయాసం?

శ్రోతలకు నమస్కారం. బెంగళూరులో తెలుగువాళ్లం నలుగురం కలిస్తే ట్రాఫిక్ తర్వాత వచ్చే మాట దుమ్ము, దగ్గు. "ఊళ్లో ఉన్నప్పుడు లేదండీ, ఇక్కడికొచ్చాకే పట్టుకుంది" అని మారతహళ్లిలోనో కేఆర్ పురంలోనో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. డాక్టరు ఆస్తమా అని రాస్తారు. ఆ ఒక్క పేరు కింద వేర్వేరు జబ్బులున్నాయి. కొందరి ఊపిరితిత్తుల్లో ఇసినోఫిల్స్ అనే రక్షణ కణాలు వాపు తెస్తాయి. వాళ్లకు స్టెరాయిడ్ ఇన్‌హేలర్ బాగా పనిచేస్తుంది. న్యూట్రోఫిల్స్ అనే మరో రకం రక్షణ కణాలు ఎక్కువగా చేరినవాళ్లకు అంత గుణం కనిపించదు. పైకి మాత్రం ఇద్దరికీ అవే పిల్లికూతలు.

మరి లోపల ఏ కణం ఏం చేస్తోందో తెలిసేదెలా? కణజాలాన్ని విడివిడి కణాలుగా చేసి, ఒక్కో కణాన్ని నూనె మధ్య తేలే సన్నని నీటి బొట్టులో బంధిస్తారు. ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చెప్పే ఆర్‌ఎన్‌ఏకు ఆ బొట్టులోనే బార్‌కోడ్, అంటే ఆ కణానికే ప్రత్యేకమైన గుర్తు తగిలిస్తారు. తర్వాత అన్నీ కలిపి చదివినా ఏది ఏ కణానిదో తెలుస్తుంది. చేతికొచ్చేది పెద్ద పట్టిక. వేల కణాలు, ఒక్కోదానికి దాదాపు 20 వేల జన్యువుల లెక్క. గళ్లలో ఎక్కువ భాగం సున్నాలే. ఆ జన్యువు నిజంగా పనిచేయడం లేదా, లేక పరికరానికి చిక్కలేదా? పైగా రెండు ల్యాబుల పద్ధతుల్లో ఉన్న తేడాను జబ్బు తేడా అనుకునే ప్రమాదం ఉంది. ఈ చిక్కులు విడదీయడానికే కంప్యూటర్ కావాలి. నా దృష్టిలో ఈ పరిశోధనలో అన్నిటికంటే కష్టమైన పని ఇదే.

2023లో వచ్చిన మానవ ఊపిరితిత్తుల కణ అట్లాస్, అంటే కణాల పటం, 49 డేటాసెట్లను ఇలా ఒక్కచోటికి తెచ్చింది. 486 మంది, 24 లక్షలకు పైగా కణాలు! ఎస్‌పీపీ1 అనే జన్యువు చురుగ్గా ఉన్న మాక్రోఫేజ్ కణాలు (క్రిములను, చెత్తను మింగే రక్షణ కణాలు) కోవిడ్‌లోనూ, ఊపిరితిత్తులు గట్టిపడే ఫైబ్రోసిస్‌లోనూ, క్యాన్సర్‌లోనూ కనిపించాయి. మూడు జబ్బుల్లో ఒకే తరహా కణం ఉందంటే, మందు వెతికేవాళ్లకు అది పెద్ద ఆధారం.

కానీ ఆ అట్లాస్‌లో ఎక్కువమంది యూరప్ మూలాలవారే. మన వంటింటి పొగ, చిన్నప్పుడు సోకిన టీబీ, మన జన్యువులు అందులో ఎంతమాత్రం ఉన్నాయి? ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. ఐఐఎస్సీ, ఎన్‌సీబీఎస్ లాంటి పరిశోధన సంస్థలున్న ఊరు మనది. రోజంతా కోడ్ రాసే మన పిల్లలకూ ఇక్కడ కొదవ లేదు. వాళ్లలో కొందరైనా ఈ వైపు రావాలి. మీకో, మీవాళ్లకో బ్రాంకోస్కోపీ (సన్నని గొట్టంతో ఊపిరితిత్తుల లోపల చూసే పరీక్ష) చేసేటప్పుడు పరిశోధనకు నమూనా ఇస్తారా అని అడిగితే, దాన్ని దేనికి వాడతారో, మీ వివరాలు ఎలా దాస్తారో అడిగి తెలుసుకోండి. నమ్మకం కుదిరితే సంతకం పెట్టండి. ఈలోగా ఇన్‌హేలర్ మాత్రం సొంతంగా ఆపేయకండి.