డాక్టర్ కాబోయేవారి మనసు

శ్రోతలకు నమస్కారం.

రాత్రి డ్యూటీ ముగిసే వేళ వార్డులో అప్పగింతలు జరుగుతాయి. ఏ బెడ్ మీద ఎవరున్నారు, ఎవరి రక్తపరీక్ష రిపోర్టు రావాలి, ఎవరికి మందు డోసు మార్చారు, అన్నీ నిలబడే గబగబా చెప్పేస్తారు. మధ్యలో ఫోన్ మోగుతుంది, మానిటర్ అలారం కొడుతుంది. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలపడం కష్టమయ్యే స్థితి) ఉన్న జూనియర్ డాక్టర్ ఆ గోలలో విన్నది సగం మర్చిపోవచ్చు. వెంటనే ‘శ్రద్ధ లేదు’ అనే ముద్ర పడుతుంది. అదే వివరాలు కాగితం మీద రాసిస్తే చక్కగా పని చేసుకుపోతారు.

ఏడీహెచ్‌డీ, ఆటిజం (నలుగురితో కలవడం, మార్పులకు అలవాటుపడటం కష్టమయ్యే స్థితి), డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే స్థితి) వంటివి మెదడు పనిచేసే తీరులో ఉండే తేడాలు. 1990ల చివర్లో ఈ వైవిధ్యానికి న్యూరోడైవర్సిటీ అన్న పేరు వచ్చింది. డాక్టర్లలోనూ ఇలాంటివారున్నారు. మంచి మార్కులు వస్తున్నంతకాలం ఎవరికీ అనుమానం రాదు, కొందరికి తమ సంగతి తమకే తెలియదు. శిక్షణలో నిద్ర కరువై, పని మీద పడ్డాక, అంతవరకూ నెట్టుకొచ్చిన ఉపాయాలు చాలవు.

పైగా కొన్ని నెలలకోసారి విభాగం మారుతుంది. కొత్త సీనియర్లు, ఎవరూ నోరు విప్పి చెప్పని కొత్త పద్ధతులు. ఆటిజం ఉన్నవారు కాస్త కుదురుకునేసరికి మళ్లీ మొదటికొస్తుంది. అందరిలా కనిపించడానికి మాట, చూపు, నవ్వు ప్రతిదీ ఆచితూచి వాడుతూ పన్నెండు గంటలు గడిపితే ఒంట్లో ఏం మిగులుతుంది? నా దృష్టిలో పనికన్నా ఈ దాపరికమే వాళ్లను ఎక్కువ అలసిపోయేలా చేస్తుంది.

అసలు శిక్షణే బరువైనది. 2015లో జామా వైద్య పత్రికలో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం, శిక్షణలోని డాక్టర్లలో సుమారు 29 శాతం మందిలో డిప్రెషన్ లేదా దాని లక్షణాలు కనిపించాయి. అయినా బయటికి చెబితే కెరీర్ ఏమవుతుందోనని భయం. వైద్యులు చేసే జెనీవా ప్రతిజ్ఞలో ‘నా ఆరోగ్యాన్నీ చూసుకుంటాను’ అన్న భావాన్ని 2017లో చేర్చారు. ఆ మాట నిలబెట్టుకునే వీలు ఆసుపత్రులే కల్పించాలి. డ్యూటీ చార్టు ముందుగా ఇవ్వడం, నోట్స్ రాసుకోవడానికి ఒక నిశ్శబ్దమైన గది, పరీక్షలో అవసరమైనవారికి అదనపు సమయం: వీటిలో ఏదీ రోగికి అందే వైద్యాన్ని తగ్గించదు.

మీ ఇంట్లో శిక్షణలో ఉన్న డాక్టర్ ఉంటే ఒక్క విషయం గమనించండి. సెలవు రోజున కూడా నిద్ర పట్టక, ఎవరితోనూ మాట్లాడక, ఇష్టమైనవాటి జోలికే పోకుండా రెండు వారాలు గడిస్తే సైకియాట్రిస్టు దగ్గరికి తోడు వెళ్లండి. చచ్చిపోవాలనుంది అన్న మాట వినిపిస్తే ఒంటరిగా వదలకండి, ఆ రోజే తీసుకెళ్లండి. ‘నువ్వే డాక్టరువి, నీకు తెలియదా’ అని మాత్రం అనకండి.