పొదుగు కోడి, బీరపాదు, ఒక టీకా సీసా
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదికను అలంకరించిన కవులకు, ఎదురుగా చాపల మీద కూర్చున్న అక్కచెల్లెళ్లకు, వెనక గోడ దగ్గర నిలబడి ఉన్న అన్నదమ్ములకు ఉగాది శుభాకాంక్షలు. వసంత ఋతువు గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు నన్ను కోరారు. కోయిల గురించి, మామిడి చిగురు గురించి చెప్పవలసినదంతా కవిసమ్మేళనంలో ఇప్పుడే చెప్పేశారు కనుక ఆ భారం నాకు తప్పింది. నాకు తెలిసిన వసంతం పెరట్లో జరుగుతుంది, అక్కడ పెత్తనమంతా కోడిపెట్టది. ఆ పెట్ట తరఫున ఒక ఫిర్యాదు కూడా తెచ్చాను. దాన్ని చివర్లో చెప్పాలనే అనుకున్నాను గాని, అంతసేపు ఆగగలనో లేదో చూడాలి.

శివరాత్రి వెళ్లి చలి తగ్గేసరికి పెట్ట గూటిలోంచి కదలకుండా కూర్చుంటుంది, దగ్గరికి వెళితే ఈకలు విప్పి కసురుకుంటుంది. పొదుగుకు వచ్చిందని దాని అర్థం. మా అత్తగారు పాత గంపలో ఊక పోసి, నాలుగు రోజులకు మించి నిలవ లేని గుడ్లు పది పన్నెండు ఏరి పెట్టేవారు. ఉరుముల చప్పుడుకు గుడ్లు మురిగిపోకుండా ఒక బొగ్గుముక్కను, ఒక ఇనుప మేకును కూడా ఆ ఊకలో దూర్చేవారు. మేకు సంగతికి నేను పూచీ పడలేను. గుడ్ల నిలవ విషయంలో మాత్రం ఆవిడ లెక్క సరైనదే, ఎందుకంటే ఎండలు మొదలైన తరువాత వారం దాటిన గుడ్డు పిల్ల అయ్యే అవకాశం బాగా పడిపోతుంది. ఏడో రోజున చీకటి గదిలో గుడ్డును దీపానికి అడ్డంగా పట్టుకుంటే, పిల్ల కట్టిన గుడ్డులో ఎర్రని నరాలు సాలెగూడులా కనబడతాయి, కట్టని గుడ్డు ఖాళీగా వెలుగుతుంది. అప్పట్లో కిరసనాయిలు దీపం వాడేవాళ్లం, ఇప్పుడు మా కోడలు సెల్‌ఫోను లైటు వాడుతున్నది. 21వ రోజుకు పెంకు పగులుతుంది.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు మా వీధిలోనూ ఉన్నాయి. నాటు పెట్ట కంటే అవి ఎక్కువ గుడ్లు పెట్టే మాట నిజమే గాని, వాటికి పొదిగే గుణం దాదాపుగా లేదు. అందుచేత వాటి గుడ్లను కూడా చివరికి నాటు పెట్ట కిందకే చేర్చవలసి వస్తున్నది. గుడ్లు తక్కువని నాటు పెట్టను అమ్ముకున్నవాళ్లు, పొదుగు సమయానికి మా గుమ్మం ముందు నిలబడతారు. ఎవరన్నది ఇక్కడ చెప్పను, వాళ్లే నవ్వుతున్నారు.

ఇవే రోజుల్లో బీర, సొర, కాకర గింజలు పాదుల్లో పెడతాము. కోడి ఉన్న ఇంట్లో కూరపాదు బతకదని చాలామంది అంటారు. మొలకకు నాలుగు ఆకులు వచ్చేదాకా చుట్టూ తుమ్మకంప పెట్టి, తీగ పందిరి ఎక్కిన తరువాత కోళ్లను కిందికి వదిలితే ఆ మాట అనవలసిన పని ఉండదు. బీరపిందెను కుళ్లబెట్టేది పండుఈగ పురుగు. అది కాయ లోపల పెరిగి, కిందకు దిగి, మట్టిలో దూరి గూడు కట్టుకుంటుంది. కాయలో ఉన్నంతసేపు పైన కొట్టిన మందు దానికి తగలదు, మట్టిలో చేరినప్పుడు మాత్రం కోడి ముక్కుకు అందుతుంది. అయితే కోడిరెట్టను పచ్చిగా పాదు మొదట్లో వేయకూడదు, వేళ్లు మాడిపోతాయి. పెంటపోగులో ఎండుటాకుతో కలిపి మాగిన తరువాతనే వేయాలి.

ఇక పిల్లల మేత. ఒక పాత కుండలో తడిపిన గడ్డి, ఎండుపేడ కూరి, చెదలు తిరిగే చోట సాయంత్రం బోర్లించాలి. తెల్లవారి కుండ ఎత్తేసరికి గడ్డి పోచపోచకూ తెల్లని చెదలు పట్టి ఉంటాయి. దాన్ని పళ్లెంలో దులిపితే, తల్లి ఒక్కసారి ముక్కుతో నేలను పొడిచి పిలుస్తుంది, పిల్లలన్నీ కాళ్లకు అడ్డం పడుతూ వచ్చేస్తాయి. బజారులో కొన్న ఏ దాణాకూ అవి అలా పరుగెత్తవు.

ఈ పిల్లల దాకా వచ్చాను కాబట్టి ఇక నా ఫిర్యాదు ఆపలేను. కొన్నేళ్ల క్రితం, సరిగ్గా ఇలాంటి చైత్రమాసంలో, మా పెరట్లో కోళ్లన్నీ వారం తిరగకుండా పోయాయి. మొదట ఒక పెట్ట మేత మానింది, తరువాత ఆకుపచ్చగా పారింది, తరువాత మెడ వెనక్కి మెలితిరిగి, ముందుకు నడవబోతూ వెనక్కి పడింది. అది కొక్కెర తెగులు. 1926లో ఇంగ్లాండులోని న్యూకాజిల్‌లో, మరుసటి సంవత్సరం మన దేశంలో కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో దాన్ని గుర్తించారు. వచ్చిన తరువాత దానికి చికిత్స లేదు. రాకుండా టీకా ఉన్నది. ఆ కొండల్లోనే ముక్తేశ్వర్ పరిశోధనాలయంలో పుట్టిన టీకా రకాన్ని మన దేశంలో ఇప్పటికీ వాడుతున్నారు. అంత పాత మందు ఉండగా మా పెరడు ఎందుకు ఖాళీ అయింది?

ఆ ఏడాది సంక్రాంతి తరువాతనే నేను టీకా కోసం అడిగాను. పది కోళ్ల కోసం సీసా విప్పడం కుదరదని నాకు సమాధానం వచ్చింది. ఎవరు అన్నారన్నది ఇక్కడ అనవసరం. ఆ సీసా 100 కోళ్లకు సరిపడేది. పొడిగా ఉన్న మందును ఒకసారి నీటిలో కలిపితే, ఐసులో పెట్టుకుని ఒకటి రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. వేల కోళ్ల ఫారానికి ఇది సమస్యే కాదు. పది కోళ్లున్న ఇంటికి ఇదే గోడ. గుడ్ల డబ్బుతో పిల్లల నోటుపుస్తకాలు కొనే ఇల్లు ఆ గోడకు ఇవతలే ఉన్నది, టీకా వేయించుకోమని ఏటా కరపత్రాలు పంచేవారు మాత్రం ఈ గోడ గురించి ఒక్క వాక్యం రాయరు. నా కోపం అందుకు. ఇన్నేళ్లుగా చెబుతున్నాను, మళ్లీ చెబుతున్నాను, పది ఇళ్లు కలిస్తే ఒక సీసా అవుతుంది.

అమ్మలారా, మీలో కాలవగట్టు వైపు నుంచి వచ్చినవాళ్లు ఒకసారి నా వైపు చూడండి. చచ్చిన కోడిని కాలవలో పడేస్తే తెగులు కింది ఊరికి వెళుతుంది. జబ్బుపడిన కోడిని సగం ధరకు సంతలో అమ్మితే, కొన్నవాళ్ల పెరటికి వెళుతుంది. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పైకి చూస్తే ఆ జబ్బుకూ కొక్కెర తెగులుకూ తేడా పోల్చుకోలేము, కాబట్టి కోళ్లు వరుసగా చనిపోతుంటే వాటిని కోయకండి, వట్టి చేతులతో ముట్టుకోకండి, వెంటనే పశువైద్యశాలకు కబురు చేయండి.

వసంతం గురించి చెప్పమంటే ఈవిడ కోళ్లమందు గురించి చెబుతున్నదేమని అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. మరొక్క నిమిషం. వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం, ఉదయం ఆరు గంటలకు, ఎండెక్కకముందే, ఈ గ్రంథాలయం ముందే మన వీధులన్నిటి కోళ్లకు టీకా వేయిస్తున్నాము. పశువైద్య సిబ్బంది రావడానికి ఒప్పుకున్నారు. ఈ వారంలోనే కోళ్లకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు పట్టించండి. వారం వయసు పిల్లలకు కంట్లో చుక్క, రెండు నెలలు నిండినవాటికి రెక్క కింద సూది. నలతగా ఉన్న కోడిని తీసుకురావద్దు. గుడ్లు పెట్టే పెట్ట నాలుగు రోజులు గుడ్లు తగ్గిస్తే కంగారుపడవద్దు. వెనక గోడ దగ్గరి అన్నదమ్ములకు ప్రత్యేకంగా చెబుతున్నాను, బాదంపప్పు, ఖైమా పెట్టి పెంచుతున్న పందెం పుంజులను కూడా తీసుకురండి, తెగులు డేగ రంగు పుంజును ఒకలాగా, కాకి రంగు పుంజును ఒకలాగా చూడదు. పేర్లు రాసే పుస్తకం మా కోడలి దగ్గర, ఆ కుడిపక్క బల్ల మీద ఉన్నది. పులిహోర పంచేలోగా ఏ ఇంట్లో ఎన్ని కోళ్లున్నాయో రాయించండి, దాన్ని బట్టి ఎన్ని సీసాలు తెప్పించాలో రేపు పొద్దున్నే కబురు పంపాలి.